మాట వినని మోటారు

చింతామణిలో చింతపండు మండీ నడిపే గంగాధరప్పకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి తన తూకం, రెండోది తన మోటారు. తూకం సంగతి ఊరంతా ఒప్పుకునేది. మోటారు సంగతి ఆయనొక్కడే ఒప్పుకునేవాడు.

ఆయన మా తాత, అమ్మకు నాన్న. ఆయన భార్య పుట్టమ్మ మా అవ్వ. నేను చెప్పబోయేది ఇద్దరి కథే అయినా ఎక్కువ పాలు అవ్వదే. ఇది నేను పుట్టకముందు జరిగింది. కొంత అమ్మ చెప్పగా, కొంత తాత చెప్పగా విన్నాను. అవ్వను అడిగితే మాత్రం చేతిలో ఉన్న పని చూసుకుంటూ "అదేముండాదిలే" అనేసేది. వాళ్లను పేర్లతో చెబితేనే కథ సాఫీగా సాగుతుంది కాబట్టి అలాగే చెబుతాను.

యుద్ధం మొదలవడానికి ముందటి ఏడాది, ఒక కాఫీ తోట దొర సామాన్లన్నీ వదిలించుకుని సీమకు వెళ్లిపోతుంటే గంగాధరప్ప ఆ మోటారు కొన్నాడు. అప్పటికే అది ముసలిది. పైన గుడ్డ కప్పు, పక్కన ఎక్కడానికి పలక, ముందు గుడ్లగూబ కళ్లలాంటి దీపాలు. ఇంజను మాత్రం మంచిది, ఎంత దూరమైనా లాగేది. తిక్కంతా స్టీరింగులోనే ఉండేది. చక్రం పట్టుకుని కుడికి తిప్పితే, అది సగం చుట్టు తిరిగేదాకా కింది చక్రాలకు ఆ కబురే అందేది కాదు. కబురు అందిన తర్వాత మాత్రం బండి ఒక్కసారిగా ఒరిగిపోయేది.

గంగాధరప్ప దానికొక ఉపాయం కనిపెట్టుకున్నాడు. మలుపు కనబడగానే, ఇంకా దాని దగ్గరికి పోకముందే తిప్పడం మొదలుపెట్టేవాడు. నేరుగా ఉన్న దారిలోనైతే చక్రాన్ని అటూ ఇటూ ఆపకుండా కదిలిస్తూనే ఉండాలి. ఆయన మోటారు నడుపుతుంటే దూరం నుంచి చూసేవాళ్లకు కవ్వం పట్టి మజ్జిగ చిలుకుతున్నట్టుండేది. ఎద్దుల బండ్ల వాళ్లు ఇంజను చప్పుడు వినగానే బండిని దారి మీంచి చేలోకి దించి, మోటారు పోయేదాకా ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడేవాళ్లు. అది తనకు ఇచ్చే మర్యాద అని గంగాధరప్ప అనుకునేవాడు.

పుట్టమ్మ పరగోడు అనే పల్లెలో రైతుల ఇంటి పిల్ల. మనిషి సన్నం, మాట తక్కువ. పెళ్లికి ముందు తండ్రితో పాటు బండి తోలింది, చేలో పని చేసింది. మండీ ఇంటికి కోడలై వచ్చాక ఎద్దుల జోలి లేకపోయినా, ఇంట్లో ఏది విరిగినా ఏది ఊడినా ఆమె చేతికే వచ్చేది. మోటారంటే ఆమెకు భయమని చెప్పలేం, నమ్మకం లేదంతే. ఎక్కినప్పుడల్లా కళ్లు మూసుకుని, ముందు సీటు అంచు పట్టుకుని కూర్చునేది.

ఒకసారి ఇద్దరూ కైవారకు దర్శనానికి బయల్దేరారు. ఊరు ఇంకా కొంచెం దూరముందనగా దారి ఎడమకు తిరిగింది. మోటారు తిరగలేదు. నేరుగా ఒక రైతు సేవంతి తోటలోకి దిగి, పూలన్నీ దాటి, అవతల ఉన్న రాగి గడ్డి వామిలో తల దూర్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. గంగాధరప్ప నెత్తిన గడ్డి, ఒళ్లో సేవంతి పూలు. ఆయన నవ్వుతూ వెనక్కి చూసేసరికి పుట్టమ్మ దిగి, చీర దులుపుకుని, దారి పట్టి నడుస్తోంది. కైవారకు నడిచే వెళ్లింది, దర్శనం చేసుకుంది, ఎవరిదో ఎద్దుల బండిలో చింతామణికి తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆ మోటారు ఎక్కలేదు. కోప్పడలేదు, సాధించలేదు, ఎక్కలేదంతే.

యుద్ధం ముదిరాక పెట్రోలు కూపన్ల మీద కొలిచి ఇవ్వసాగారు. మోటారు ఎక్కువ రోజులు కొట్టంలోనే ఉండిపోయింది. గంగాధరప్ప వారానికోసారి బయటికి తీసి, తుడిచి, మండీ దాకా పోయి వచ్చేవాడు. కథ అక్కడితో ఆగిపోయేదే. కానీ నలభైమూడులో గూళూరు నుంచి కబురు వచ్చింది.

గూళూరులో ఉన్నది వాళ్ల కూతురు తిమ్మక్క, మా అమ్మ. అక్కడి పెద్ద రైతు లక్ష్మణప్ప కొడుక్కిచ్చి చేశారు. ఆమెకు తొలి చూలు. పురుటికి పుట్టింటికి తీసుకురావాలి. ఎద్దుల బండిలో అయితే రాళ్ల దారిలో కుదుపులు, మధ్యలో ఒక రాత్రి ఎక్కడో మజిలీ. బస్సు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో పెట్రోలుకు బదులు బస్సులు బొగ్గు పొయ్యి వెనక తగిలించుకుని, దాని పొగతో తిరిగేవి. ఎక్కడం తేలిక. నడుమ మిట్ట వస్తే అందరూ దిగి తొయ్యాలి. చూలాలిని అందులో తెచ్చే ధైర్యం ఎవరికీ లేదు.

గంగాధరప్ప ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు మోటారుకు సరైన పని పడింది. కూపన్ల మీద తెచ్చి దాచిన పెట్రోలు ఉంది. రేపో ఎల్లుండో పోయి బిడ్డను తెచ్చేస్తానన్నాడు. పుట్టమ్మ రాగులు చెరుగుతోంది. చేట కింద పెట్టి తలెత్తింది.

"ఆ చక్రం మీ మాట వినేదాకా నా బిడ్డ దాంట్లో కూకోదు," అంది.

ఆమె అంత పొడవు మాట మాట్లాడటం అరుదు. గంగాధరప్ప మోటారు రిపేరి చేయించాలని ఆ పూటే నిర్ణయించుకున్నాడు.

అయితే చేసేదెవరు? ఊళ్లో మోటారు పని తెలిసినవాడు బయ్యప్ప ఒక్కడే. అతను సైన్యపు మోటార్ల పనికి బెంగళూరు వెళ్లిపోయి చాలా కాలమైంది. బెంగళూరులోని పెద్ద గ్యారేజీలు మిలిటరీ బండ్లతో నిండి ఉన్నాయి. పైగా అక్కడి దాకా ఆ స్టీరింగుతోనే పోవాలి. చివరికి గంగాధరప్ప ఇంటి ముందరే పని మొదలుపెడతానన్నాడు. మోటారుతో వచ్చిన స్పానర్లు, ఒక జాకీ, మండీలో ఉన్న సమ్మెట ముందేసుకుని, బండి ముందు భాగం పైకెత్తి, కింద దిమ్మెలు పెట్టి, వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు.

దూరింది సగమే. ఆయన పొట్ట సామాన్యమైనది కాదు. అది బండికి, నేలకు మధ్య ఇరుక్కుని ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. కాళ్లు మాత్రం బయట ఆడుతున్నాయి. లోపలి నుంచి ఆయన పెట్టే కేకకు పక్కింటి గోపాలప్ప, మండీ హమాలీలు పరుగెత్తుకొచ్చారు. ఒకరు కాలు పట్టుకుని లాగుదామన్నారు, ఒకరు జాకీ ఇంకా ఎత్తుదామన్నారు. గంగాధరప్ప తల్లి హనుమక్క అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ, చిన్నప్పుడు కూడా వీడు ధాన్యపు గాదెలో ఇలాగే ఇరుక్కున్నాడని అందరికీ చెప్పసాగింది.

ఈ గోలలో పుట్టమ్మ అవతలి పక్కకు వెళ్లింది. దిమ్మెలు కదలకుండా చూద్దామని వంగి, పైకి లేచి ఉన్న ముందు చక్రం మీద చెయ్యి ఆనించింది. చక్రం కదిలింది. తిరగడం కాదు, పక్కకు ఊగింది. పైన పట్టుకుని లోపలికి తోస్తే కింద బయటికి వస్తోంది. ఆమె రెండు చేతులతో పట్టుకుని మళ్లీ ఊపి చూసింది. భర్తను బయటికి లాగి కూర్చోబెట్టి నీళ్లిస్తుంటే దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"తిరగలిలో నడిమి మేకు అరిగిపోతే పై రాయి ఎట్ల ఊగుతాదో, ఇది అట్లనే ఊగతాండాది. పైన మీరు ఎంత తిప్పితే ఏమి, కింద పట్టే లేదు."

గంగాధరప్ప కూడా వచ్చి ఊపి చూశాడు. నిజమే. ముందు ఇరుసుకు రెండు కొసల్లో నిలువుగా ఒక్కో ఉక్కు మేకు ఉంటుంది. చక్రం అటూ ఇటూ మళ్లేది దాని చుట్టే. మోటారు వాళ్లు దాన్ని కింగ్ పిన్ అంటారు. దానికి పైనా కిందా గాజుల్లా కంచు బుష్షులు. అన్నీ అరిగి వదులైపోయాయి. రెండు చక్రాలనూ కలిపే అడ్డకడ్డీ చివర్లలో గుండ్లు ఉంటాయి, అవీ తమ గూళ్లలో గలగలమంటున్నాయి. జబ్బు ఎక్కడుందో తెలిసింది. కింద దూరి పని చేసే మనిషి కావాలి.

పుట్టమ్మ అత్త వైపు చూసింది. వీధిలో పదిమంది ముందు కోడలు మోటారు కింద పడుకుంటే ఆమె ఏమంటుందోనని అందరూ ఆగారు. హనుమక్క పోకచెక్క నములుతూ కాసేపు ఆలోచించింది.

"సీర కచ్చ పోసి కట్టుకోని దూరమ్మా, లేకుంటే చిక్కుకుంటాది," అంది.

అలా మా అవ్వ మోటారు కిందికి పోయింది.

పొద్దున వంట అయ్యాక, మళ్లీ సాయంత్రం దీపాల వేళ దాకా పని చేసేవాళ్లు. బలం గంగాధరప్పది, చెయ్యి పుట్టమ్మది. చక్రాలు ఊడదీశారు. అడ్డకడ్డీ విప్పారు. కింగ్ పిన్ మాత్రం ఊడి రానంది. ఎన్నేళ్ల తుప్పో పట్టుకుని కూర్చుంది. కిరసనాయిలు కూడా కరువే కాబట్టి కానుగ నూనె పోసి నానబెట్టారు. తర్వాత పుట్టమ్మ ఒక ఇనుప ములుకు పిన్ను మీద ఆనించి పట్టుకుంటే గంగాధరప్ప సమ్మెటతో కొట్టసాగాడు. ఆయన దెబ్బల్లో చాలా భాగం ములుకుకే తగిలాయి. ఒకటి మాత్రం పుట్టమ్మ బొటనవేలికి తగిలింది.

ఆమె వేలు నోట్లో పెట్టుకుని ఇంట్లోకి పోయింది. ఆ రోజు సంగటి ముద్ద కంచంలో కాస్త గట్టిగానే పడిందని తాత చెప్పేవాడు. మర్నాడు ఆయన సమ్మెటను ఆమె చేతికిచ్చి, ములుకు తాను పట్టుకుని కూర్చున్నాడు. క్షమాపణ చెప్పడం ఆయనకు రాదు, చేతనైంది అదే. పుట్టమ్మ ఆ చేతిని చూసి, సమ్మెటను చూసి, నవ్వు ఆపుకుని చిన్న చిన్న దెబ్బలు వేయసాగింది. పెద్ద దెబ్బలకు కదలని పిన్ను ఆ చిన్న దెబ్బలకు వెంట్రుకవాసి కదిలింది. పూట గడిచేసరికి టంగుమని రాతి మీద పడింది. దాన్ని తుడిచి చూస్తే పైనా కిందా, బుష్షుల్లో తిరిగే చోట్ల, నమిలి వదిలేసిన చెరుకు ముక్కలా అరిగిపోయి ఉంది.

రెండో పక్కది కూడా అలాగే తీసి, పాత వాటిని గుడ్డలో మూటగట్టుకుని ఇద్దరూ చిన్న రైలెక్కి చిక్కబళ్లాపురం వెళ్లారు. అక్కడ మునిశామప్ప అని ఒకాయనకు ఇనుమును తిప్పుతూ చెక్కే లేతు మిషను ఉండేది. రైతుల నీటి పంపులు, చెరుకు గానుగల రోలర్లు బాగుచేసేవాడు. పుట్టమ్మ కూడా రావడం చూసి మొదట ఆశ్చర్యపోయాడు కానీ, అరుగుదల ఎక్కడెక్కడ ఎంత ఉందో ఆమె వేలితో చూపిస్తుంటే బుద్ధిగా విన్నాడు. విరిగిపోయిన లారీ ఇరుసు ఉక్కు తన దగ్గర ఉందని, దాంతో పిన్నులు చెక్కి ఇస్తానని, అడ్డకడ్డీ గుండ్లు పాత సామాన్లలో వెతుకుతానని అన్నాడు. బుష్షులకే చిక్కు వచ్చిపడింది. కంచు కావాలి. యుద్ధంలో కంచు దొరకడం లేదు.

"యాడన్నా పాత కంచు ఉంటే తెచ్చీండమ్మా. గిన్నెలూ గంటలూ పనికి రావు, పగిలిపోతాయి. తిరిగే చోట వేసిన కంచే కావాల," అన్నాడు.

తిరుగు రైల్లో పుట్టమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ అదే ఆలోచించింది. ఇంటి వెనక కొట్టంలో మామగారి కాలం నాటి జట్కా ఉంది. చెక్క పుచ్చిపోయి, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్నాయి. దాని చక్రాల నడుమ ఇరుసు దూరే చోట కంచు తొడుగులు ఉన్నాయి. కానీ దాని మీద చెయ్యి వేయాలంటే హనుమక్క ఒప్పుకోవాలి. ఆమె కొత్త పెళ్లికూతురిగా ఆ జట్కాలోనే చింతామణికి వచ్చింది. భర్త పోయాక అమ్ముదామంటే ఒప్పుకోలేదు. ముక్కలు చేసి పొయ్యిలో పెడదామంటే ఆ పూట అన్నం మానేసింది.

పుట్టమ్మ రాత్రి భోజనాల దగ్గర సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది, అడగలేదు. హనుమక్క కంచం తీసుకుని లేచి వెళ్లింది. పొద్దున చూస్తే ఆమే కొట్టంలో కోళ్లను తోలి, జట్కా పక్కన నిలబడి ఉంది. చక్రం మీద చెయ్యి వేసి నిమురుతోంది.

"ఆయన దీన్ని పరిగెత్తిచ్చేవాడు గానీ, ఎప్పుడూ పడెయ్యలేదు," అంది. తర్వాత కోడలికి దారిచ్చి పక్కకు జరిగింది. "తీసుకో. మనవరాలి కోసమే కదా."

సుత్తి, ఉలి పట్టుకుని పుట్టమ్మ తొడుగులు ఊడదీస్తున్నంత సేపూ ఆమె అక్కడే ఉండి, ఆ జట్కాలో తాను ఎక్కడెక్కడికి వెళ్లిందో చెబుతూనే ఉంది.

మునిశామప్ప మాట నిలబెట్టుకున్నాడు. పిన్నులు మెరుస్తూ వచ్చాయి, బుష్షులు బంగారు గాజుల్లా వచ్చాయి. గంగాధరప్ప వాటిని ఇరుసులో కూర్చోబెట్టాడు. పిన్ను దూర్చబోతే దూరలేదు. లోపల కూర్చున్నాక బుష్షులు కాస్త బిగుసుకున్నాయి. గంగాధరప్ప అలవాటు కొద్దీ సమ్మెట అందుకున్నాడు. పుట్టమ్మ ఆయన చేతిలోంచి దాన్ని తీసి దూరంగా పెట్టింది. గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి, బుష్షులో పెట్టి, తిరగలి తిప్పినంత నిదానంగా తిప్పడం మొదలుపెట్టింది. కాసేపు తిప్పడం, తుడిచి పిన్ను పెట్టి చూడటం, మళ్లీ తిప్పడం. మధ్యలో పొయ్యి మీద ఎసరు చూసుకుని రావడం. గంగాధరప్పకు ఓపిక చచ్చిపోయేది. అరుగు మీద కూర్చుని, లేచి, మండీకి పోయి, తిరిగొచ్చి, ఇంకా కాలేదా అని అడిగేవాడు. ఆమె తలూపేది.

ఒక సాయంత్రం ఆమె పిన్నుకు నూనె రాసి బుష్షులో నిలబెట్టి బొటనవేలితో నొక్కింది. అది జారుతూ, ఎక్కడా పట్టుకోకుండా, ఎక్కడా వదులు లేకుండా లోపలికి దిగింది.  గంగాధరప్ప మళ్లీ బయటికి తీయించి, తాను కూడా ఒకసారి బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

కొత్త గుండ్లు వేసి అడ్డకడ్డీ బిగించాక ఇంకో తమాషా అయింది. ఎదురుగా నిలబడి చూస్తే రెండు చక్రాలూ బాతు కాళ్లలా చెరో పక్కకు చూస్తున్నాయి. అడ్డకడ్డీ పొడవు సరిపడలేదు. గంగాధరప్ప మునిశామప్పను తిట్టబోయాడు. పుట్టమ్మ ఒక నూలుదారం తెచ్చి రెండు చక్రాల మధ్య దూరాన్ని ముందొకసారి, వెనకొకసారి కొలిచింది. కడ్డీ చివర మరలు తిప్పుకుంటూ, దారం రెండు వైపులా ఇంచుమించు ఒక్కటయ్యేదాకా, ముందు పక్క కొద్దిగా తక్కువ ఉండేలా చూసి బిగించింది. అలా ముందు తక్కువ ఉండాలని మునిశామప్పే చెప్పి పంపాడట. గ్రీజు నింపారు. చక్రాలు ఎక్కించారు. దిమ్మెలు తీశారు.

పొద్దున్నే గంగాధరప్ప స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తలపాగా చుట్టుకుని మోటారు ఎక్కాడు. వీధంతా చూడటానికి వచ్చింది. బండి కదిలింది. వీధి చివర మలుపు ఇంకా దూరం ఉండగానే, ఇన్నేళ్ల అలవాటు చొప్పున ఆయన చక్రాన్ని సగం చుట్టు తిప్పేశాడు. కానీ ఇప్పుడు మోటారు మాట వింటోంది. తిప్పిన క్షణంలోనే ఠక్కున మళ్లి గోపాలప్ప ఇంటి ముందరి పిడకల కుప్పలోకి దూసుకుపోయింది. పిడకలు గాలిలోకి లేచాయి. గోపాలప్ప భార్య అంజనమ్మ ఇంట్లోంచి వచ్చి, పగిలిన పిడకలు ఏరుకోసాగింది.

రెండోసారి ఎక్కాడు. నేరుగా పోయే దారిలో చేతులు వాటంతటవే మజ్జిగ చిలకడం మొదలుపెట్టాయి. మోటారు ఆ చిలుకుడంతా బుద్ధిగా పాటించి, తాగినవాడిలా వీధి ఈ అంచు నుంచి ఆ అంచుకు తూలింది. మూడోసారి మండీ గోడ దగ్గర ఆగింది. గంగాధరప్ప దిగి, ఇంటికి నడిచొచ్చి, అరుగు మీద కూలబడ్డాడు.

"బండి బాగైంది. నేనే చెడిపోయినాను," అన్నాడు.

నవ్వబోయిన వాళ్లు ఆయన ముఖం చూసి నవ్వలేదు. ఆయన తన రెండు చేతుల వైపు చూసుకుంటున్నాడు. గూళూరులో బిడ్డ ఎదురు చూస్తోంది, నెలలు నిండుతున్నాయి. చేతులకు పట్టిన అలవాటు పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. కాసేపటికి తలెత్తి పుట్టమ్మను చూశాడు. అలవాటు లేని చేతులు ఇంట్లో ఉన్నాయని ఆయనకు అప్పుడు తట్టింది.

"నువ్వు నడుపు," అన్నాడు.

పుట్టమ్మ తన గురించి కాదన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

కోతలయ్యాక ఎండిపోయిన చెరువులో నేర్చుకుంది. అక్కడ గుద్దుకోవడానికి ఏమీ లేదు. కాళ్లు అందక వీపు వెనక దిండు పెట్టుకుంది. గేరు మార్చడం, క్లచ్చు వదలడం గంగాధరప్ప పక్కన కూర్చుని నోటితో నేర్పాడు, తాను మాత్రం దేన్నీ ముట్టుకోలేదు. మొదట్లో బండి కప్పలా గెంతేది. నాలుగైదు సార్లు ఆగిపోతే, గంగాధరప్ప దిగి ముందరి హ్యాండిలు తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. కానీ స్టీరింగు దగ్గర ఆమెకు ఇబ్బంది రాలేదు. ఎద్దుల పగ్గం ఎంత లాగితే ఎద్దు ఎంత మళ్లుతుందో ఆమె చేతులకు తెలుసు. ఇదీ అంతే అనుకుంది. అంత తిప్పితే అంతే మళ్లింది.

చేళూరు మీదుగా గూళూరు బయల్దేరిన రోజు ఆమెకు నిజంగానే భయమేసింది. ఎండిన చెరువు వేరు, దారి వేరు. గుట్ట పక్కన మొదటి మలుపు రాగానే  కైవార దారి గుర్తొచ్చింది. కళ్లు మూసుకోవాలనిపించింది, కానీ ఇప్పుడు మూసుకోవడానికి లేదు. కొంచెం తిప్పింది. తాను అరగదీసిన బుష్షులూ, తాను కొట్టి తీసిన చోట కూర్చున్న పిన్నులూ అన్నీ కింద తన మాట వింటున్నాయి. మోటారు దారి పట్టుకుని, నీళ్లు కాలవలో మళ్లినట్టు మళ్లింది. మలుపు దాటాక ఆమె గట్టిగా ఊపిరి వదిలిందట. పక్కన గంగాధరప్ప కూడా వదిలాడు. అప్పటిదాకా ఆయనా బిగబట్టుకునే ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

గూళూరులో లక్ష్మణప్ప వాకిట్లో నిలబడి మోటారు రావడం చూశాడు. నడిపే చోటు నుంచి వియ్యపురాలు దిగడం చూసి కండువా సర్దుకోవడం మరిచిపోయాడు. కాళ్లకు నీళ్లిచ్చి, మజ్జిగ ఇచ్చి, మెల్లగా గంగాధరప్పను పక్కకు పిలిచాడు. నడిపేదానికి మగవాళ్లెవరూ దొరకలేదా అని అడిగాడు.

"నేనుండాను కదప్పా. నేను నడిపితే బండి మీ పెరట్లోకి పోతాది. ఆయమ్మ నడిపితే చింతామణికి పోతాది. యాడికి పోవాలో మీరే చెప్పండి," అన్నాడు గంగాధరప్ప.

లక్ష్మణప్పకు కోడలిని పంపక తప్పదు, పంపడానికి మనసొప్పదు. చివరికి తానూ వెంట వస్తాననీ, చేళూరు దాకా చూసి, బాగుంటే అక్కడ దిగిపోతాననీ అన్నాడు. తిమ్మక్క అత్తగారు కోడలి నడుము వెనక దిండ్లు సర్దింది. తిమ్మక్క తల్లి వీపు వైపే చూస్తూ కూర్చుంది. అమ్మ మోటారు నడుపుతోందంటే ఇంకా నమ్మకం కుదరలేదు. నీకు నిజంగా వస్తుందా అని అడిగింది. వెనక్కి తిరగకుండా, వచ్చాను కదా అంది పుట్టమ్మ.

కొంత దూరం పోయాక వెనక సీటు నిశ్శబ్దమైపోయింది. తిమ్మక్కకు ఏమన్నా అయిందేమోనని పుట్టమ్మ బండి నెమ్మది చేసి భర్తను చూడమంది. గంగాధరప్ప వెనక్కి తిరిగి చూసి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తిమ్మక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన లక్ష్మణప్ప కూడా తల వాల్చేశాడు. చేళూరు వచ్చింది, పోయింది. ఆయన లేచేసరికి చింతామణి పొలిమేర. మర్నాడు బొగ్గు బస్సులో తిరుగు ప్రయాణం చేసి, మిట్ట దగ్గర దిగి తోసి తోసి ఊరు చేరాడు. ఆ తర్వాత వియ్యపురాలి మోటారు గురించి ఎవరేమన్నా ఊరుకునేవాడు కాదు.

చింతామణిలో మా పెద్దక్క పుట్టింది. బాలింతనూ బిడ్డనూ గూళూరులో దింపింది కూడా పుట్టమ్మే. తర్వాత కోలారుకు పోయి లైసెన్సు తీసుకుంది. అక్కడి పోలీసు అధికారి బండిని వెనక్కి నడిపి చూపమంటే, ముందుకు వచ్చినంత నేరుగా వెనక్కి పోయి నిలబెట్టిందట. ఊళ్లో కష్టమైన కాన్పు వస్తే, చిక్కబళ్లాపురం ఆస్పత్రికి పోవాలంటే, ఆమె ఇంటి తలుపు తట్టేవాళ్లు. పొయ్యి మీది కుండ దించి బయల్దేరేది. మొదట్లో వీధి చివర నిలబడి నవ్విన వాళ్లూ ఉన్నారు, ఆడమనిషి బండిలో ఎక్కేది లేదన్న పెద్దలూ ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లోనూ కాన్పులు వచ్చాయి.

గంగాధరప్ప మళ్లీ నడపడం నేర్చుకోలేదు. నేర్చుకోవాలని పెద్దగా ప్రయత్నించినట్టు కూడా లేదు. పక్క సీట్లో కూర్చుని, రబ్బరు బుడ్డి నొక్కి హారను మోగించడం తన పనిగా పెట్టుకున్నాడు. ఎవరూ లేని దారిలో కూడా మోగించేవాడు. 

నలభైతొమ్మిదిలో ఆ మోటారును బాగేపల్లి రామకృష్ణప్ప అని ఒకాయన కొన్నాడు. అప్పటికి ఇంజను అలిసిపోయింది, టైర్లు దొరకడం కష్టమైంది. తీసుకుపోవడానికి వచ్చిన రోజు పుట్టమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివర దాకా నడిపి చూపింది. గంగాధరప్ప వెనక కూర్చుని, ముందుకు వంగి చెయ్యి చాచి, హారను మోగించాడు. ఊరు దాటాక ఇద్దరూ దిగారు. మోటారు దుమ్ము రేపుకుంటూ బాగేపల్లి దారి పట్టింది.

వాళ్లు ఇంటి వైపు నడిచారు. కొంచెం దూరం పోయాక గంగాధరప్ప, పాత బస్సు ఒకటి అమ్మకానికి వచ్చిందట, ఇద్దరం కలిసి చూసి వద్దామా అన్నాడు. పుట్టమ్మ ఇల్లు చేరేదాకా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.